నేపాల్ బడిలో మూడు నెలల వలంటీరు పని: ఎన్నికల ముందు వెళ్లొచ్చా, వెళ్తే బయటికి దారి ఏది?

గోదారిగట్టు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. కావ్రే జిల్లా ధులిఖేల్ దగ్గర ఒక సాముదాయిక విద్యాలయంలో, అంటే మన సర్కారు బడి లాంటి దాంట్లో, 8, 9, 10 తరగతులకు లెక్కలు, ఇంగ్లిష్ చెప్పడానికి నేనూ మా పిన్ని కూతురూ ఒప్పుకున్నాం. నాది భారత పాస్‌పోర్ట్. తను డాలస్ నుంచి వస్తుంది, అమెరికా పౌరురాలు. జనవరి రెండో వారం నుంచి మార్చి ఆఖరు దాకా ఉండాలని అనుకున్నాం. కాఠ్మాండూలోని ఒక సంస్థ ఏర్పాట్లు చేస్తోంది.

2025 సెప్టెంబరు 8, 9 తేదీల్లో నేపాల్‌లో యువత నిరసనలు, కాల్పులు, భవనాలు తగలబెట్టడం టీవీలో చూశాక ఇంట్లో వద్దంటున్నారు. 2026 మార్చి 5న అక్కడ పార్లమెంటు ఎన్నికలు కూడా ఉన్నాయి. నాకు కావలసినవి ఇవి. ఈ తేదీలు సరైనవేనా? వెళ్లేముందు ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి? గొడవ మొదలైతే కాఠ్మాండూలోకి పోకుండా ఇండియాకు చేరే దారి ఉందా? ఇన్సూరెన్సు ఇలాంటప్పుడు పనికొస్తుందా? ఇంకో మాట, శని, ఆదివారాల్లో అదే సంస్థ నడిపే పిల్లల హోమ్‌లో కూడా సాయం చేయమంటున్నారు. దాని గురించీ చెప్పండి.

పలకాబలపం

రాజకీయాల సంగతి తర్వాత చూద్దాం. బడి లెక్కన చూసినా మీ తేదీలు బాగాలేవమ్మా.

నేపాల్‌లో చదువుల ఏడాది వాళ్ల వైశాఖంలో, అంటే ఏప్రిల్ నడుమ మొదలవుతుంది, చైత్రంతో ముగుస్తుంది. మీరు దిగే జనవరిలో కొండ జిల్లాల బడులకు చలి సెలవులు. అవి అయ్యాక పదో తరగతి వాళ్లు ఎస్‌ఈఈ, అంటే మన పదో తరగతి పబ్లిక్ లాంటి పరీక్ష, హడావిడిలో పడతారు. ఆ రెండు నెలల్లో పాత టీచరు పాత నోట్సుతో చెప్పిందే పిల్లలకు పనికొస్తుంది. భాష రాని కొత్త మనిషి వచ్చి కొత్త పద్ధతిలో వర్గ సమీకరణాలు మొదలుపెడితే వాళ్లు ఇంకా తికమకపడతారు.

పైగా పోలింగ్ కేంద్రాలు పెట్టేది ఎక్కువగా ఈ సాముదాయిక విద్యాలయాల్లోనే. ఎన్నికల తేదీ వాళ్ల లెక్కలో 2082 ఫాల్గుణం 21. దానికి అటూ ఇటూ బడి మూత. పోలింగ్ రోజు పాస్ లేని బండి రోడ్డెక్కదు. సరిహద్దు కూడా మూస్తారు, 2022 నవంబరు ఎన్నికలప్పుడు 72 గంటల ముందే మూశారు. ఈ లెక్కన మీ పదకొండు వారాల్లో నిజంగా పాఠం చెప్పేది నాలుగైదు వారాలకు మించదు.

ఏప్రిల్ ఆఖరులో చేరి జూన్ మొదటి వారం దాకా ఉండండి. పుస్తకాలు అప్పుడే తెరుస్తారు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో పునాది వేయడానికి అదే సమయం. ఎన్నికలు ముగిసి ప్రభుత్వం ఎలా కుదురుకుందో అప్పటికి కళ్లెదుట కనిపిస్తుంది. వానలు దిగకముందే వచ్చేయొచ్చు. హెడ్మాస్టరుకు నేరుగా రాసి అడగండి, మధ్యలో ఉన్న సంస్థకు కాదు. బడికి ఏది అవసరమో ఆయనకే తెలుసు.

ఇంకొకటి, మీరు అనుకున్న నెలల్లో అక్కడ శనివారమే సెలవు, ఆదివారం బడి ఉంటుంది. 'శని, ఆదివారాలు' అని మీకు చెప్పినవాళ్లు బడి షెడ్యూలు చూడకుండానే ఆ మాట అన్నారన్నమాట. గమనించండి.

జనక్‌పుర్ పాసింజర్

దారుల సంగతి నేను చెప్తాను. ముందు ఒక మ్యాపు తెరిచి పెట్టుకోండి.

ధులిఖేల్ నుంచి కాఠ్మాండూ విమానాశ్రయానికి అరనికో హైవే మీద దాదాపు 30 కిలోమీటర్లు. కానీ ఆ 30 కిలోమీటర్లలో మూడు జిల్లాలు దాటాలి: కావ్రే, భక్తపుర్, కాఠ్మాండూ. నేపాల్‌లో కర్ఫ్యూ వేసేది ప్రముఖ జిల్లా అధికారి, అంటే మన కలెక్టరు లాంటివాడు. ఒక్కో జిల్లాకు ఒక్కో ఉత్తర్వు. కావ్రేలో ఏమీ లేదని బయల్దేరితే భక్తపుర్ సరిహద్దులో ఆపేస్తారు. చివర్లో కోటేశ్వర్, తీన్‌కునె చౌరస్తాలు తగులుతాయి. 2025 మార్చి 28న రాచరికవాదుల ప్రదర్శన చెలరేగింది తీన్‌కునెలో. సెప్టెంబరు 9న పోలీసుల మీద దాడి జరిగింది కోటేశ్వర్‌లో. అప్పుడు పార్లమెంటు ఉన్న న్యూ బానేశ్వర్ ఆ పక్కనే. విమానాశ్రయం దారి గొడవ జరిగే చోట నుంచే పోతుంది. ఇది మీ ప్లానులో ఒకటో నంబరు లోపం.

విమానాశ్రయం కూడా సెప్టెంబరు 9న మూతపడి 10 సాయంత్రానికి గానీ తెరుచుకోలేదు. సైన్యం రోడ్ల మీదికి వచ్చాక టికెట్టు, పాస్‌పోర్ట్ చూపిన వాళ్లను పోనిచ్చారు, టికెట్టే కర్ఫ్యూ పాస్ అయింది. టికెట్టు లేకుండా 'అక్కడికి వెళ్లి కొనుక్కుందాం' అని బయల్దేరితే చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోతారు. విమానాశ్రయానికి వెళ్లడమే ఖాయమైతే ముందు టికెట్టు తీసి, కాగితం మీద ప్రింటు పెట్టుకోండి. ఫోన్లో స్క్రీన్‌షాట్ చూపించేసరికి బ్యాటరీ అయిపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

కాఠ్మాండూ తగలని దారి ఉంది. ధులిఖేల్ నుంచే బీపీ రాజమార్గం దక్షిణానికి దిగుతుంది. సింధులి మీదుగా బర్దీబాస్ దాకా సుమారు 160 కిలోమీటర్లు. ఇరుకు రోడ్డు, పెద్ద బస్సులు పోవు, మైక్రోబస్సు, జీపులే. 2024 సెప్టెంబరు ఆఖరి వరదల్లో కావ్రే వైపు రోశీ నది పక్కన చాలా మేర కొట్టుకుపోయింది, ఏటి ఒడ్డున వేసిన తాత్కాలిక దారి మీదే బళ్లు నడుస్తున్నాయి. ఎండాకాలంలో సరే, వాన పడితే ఆ దారే ఏరైపోతుంది. జూన్ మొదటి వారంలోపు వచ్చేయమని పైన చెప్పింది అందుకే నూటికి నూరుపాళ్లు సరైన మాట.

బర్దీబాస్ నుంచి జనక్‌పుర్. అక్కడి నుంచి జయనగర్‌కు రైలుంది. 2022 ఏప్రిల్‌లో మొదలైన లైను ఇది, జయనగర్ నుంచి కుర్థా 35 కిలోమీటర్లు. జయనగర్ మన బీహార్‌లో మధుబని జిల్లా. అక్కడి నుంచి దర్భంగా వెళ్తే హైదరాబాద్ వైపు నేరుగా రైలు దొరుకుతుంది, కానీ రోజూ ఉండదు. వారంలో ఏయే రోజుల్లో ఉందో ముందే రాసుకోండి.

బీహార్ సరిహద్దులోని రక్సౌల్ మూడో దారి. దానికి ఎదురుగా నేపాల్ వైపున్న బీర్‌గంజ్‌లో మన కాన్సులేట్ ఉంది, అదొక ధైర్యం. కాకపోతే ధులిఖేల్ నుంచి అటు పోవాలంటే ఎటు తిరిగినా కాఠ్మాండూ లోయ పక్క నుంచో, చుట్టూ తిరిగో పోవాలి.

బయల్దేరేముందు డ్రైవరును అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "బాటో ఖులేకో ఛ?" దారి తెరిచి ఉందా అని. అతను 'ఛ' అంటే వెంటనే ఎక్కకండి. ఎదురుగా వచ్చిన బండి డ్రైవరును కూడా అడగమనండి. ఉన్నది తెలిసేది అటు నుంచి వచ్చినవాడికే.

సంతకాల సుబ్బులు

కాగితాల విషయం. భారతీయులకు నేపాల్ వీసా లేదు. పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో చాలు. ఆధార్ మాత్రం 15 ఏళ్ల లోపు, 65 దాటిన వాళ్లకే. మీకు పనికిరాదు. చాలామంది విమానాశ్రయం కౌంటరు దగ్గరే ఈ విషయం తెలుసుకుని వెనక్కి తిరుగుతారు.

వీసా లేకపోవడంలో ఒక చిక్కుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. రోడ్డు మీద సరిహద్దు దాటిన భారతీయుడి పాస్‌పోర్ట్ మీద ముద్ర పడదు. అంటే మీరు నేపాల్‌లో ఉన్నట్టు ఏ ప్రభుత్వం రికార్డులోనూ లేదు. గొడవ జరిగిన రోజు రాయబార కార్యాలయం జాబితా కట్టేది ఎవరు ఫోన్ చేస్తే వాళ్లతో. సెప్టెంబరులో ఢిల్లీలోని ఏపీ భవన్, తెలంగాణ భవన్ హెల్ప్‌లైన్లు తెరిచాయి, 11న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాఠ్మాండూ నుంచి విశాఖ, తిరుపతికి ప్రత్యేక విమానం నడిపింది. అలాంటి జాబితాలో పేరు ఎక్కాలంటే ముందుగా మీరే మీ ఉనికి చెప్పుకోవాలి. చేరిన రోజే కాఠ్మాండూ లైన్‌చౌర్‌లోని మన రాయబార కార్యాలయానికి ఈమెయిల్ పంపండి: పేరు, పాస్‌పోర్ట్ నంబరు, ఊరు, వార్డు నంబరు, బడి పేరు, ఇంటి యజమాని ఫోను, ఇండియాలో ఒకరి ఫోను, తిరుగు తేదీ. అదే ఈమెయిల్ ఇంట్లో ఒకరి దగ్గర ఉండాలి. మీ ఫోన్ కలవకపోతే వాళ్లే ఏపీ భవన్‌కు దాన్ని పంపగలగాలి. ఊరి పేరు ఒక్కటే రాస్తే చాలదు, నేపాల్‌లో చిరునామా అంటే నగరపాలిక పేరూ వార్డు నంబరూ.

రెండోది, మీరిద్దరూ, ఇంట్లో వాళ్లూ కలిసి ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోవాల్సింది. ఏది జరిగితే బయల్దేరతారు? నా సలహా: కావ్రేలో గానీ భక్తపుర్‌లో గానీ కర్ఫ్యూ ఉత్తర్వు వస్తే ఇంట్లోంచి కదలకూడదు. కాఠ్మాండూ విమానాశ్రయం మూసినా, ఫోన్ నెట్‌వర్క్ రోజంతా లేకపోయినా, ఇంటి యజమాని వెళ్లమన్నా, కర్ఫ్యూ సడలించిన మొదటి పగలే బయల్దేరాలి. చీకటి పడ్డాక అసలు వద్దు. సెప్టెంబరులో జైళ్ల నుంచి వేల మంది తప్పించుకున్నారు, ఆ రాత్రులు రోడ్లన్నీ ప్రమాదకరంగానే ఉన్నాయి. ఇదంతా ముందే ఎందుకు రాయాలంటే, ఆ రోజు పిల్లల మొహాలు చూస్తే 'ఇంకొక్క రోజు' అనిపిస్తుంది. ఆ ఒక్క రోజులో దారి మూసుకుపోతుంది. అప్పుడు మీకు తిండి పెట్టి కాపాడాల్సిన భారం ఆ ఇంటివాళ్ల మీద పడుతుంది. సాయానికి వెళ్లినవాళ్లు వాళ్లకు బరువు కాకూడదు.

కర్ఫ్యూ ఉత్తర్వు నేపాలీలో, దేవనాగరి అంకెల్లో, బిక్రమ్ సంవత్ తేదీతో వస్తుంది. సెప్టెంబరు 8 వాళ్లకు 2082 భాద్రం 23. గంటలు, హద్దులు చౌరస్తా పేర్లతో రాస్తారు. హిందీ చదవడం వస్తే అర్థమవుతుంది, దేవనాగరి అంకెలు మాత్రం ముందే నేర్చుకోండి.

నర్సమ్మ

పైవాళ్లు దారులు చెప్పారు కాబట్టి, ఇంట్లో ఉండాల్సి వస్తే ఏం కావాలో నేను చెప్తాను. ఎందుకంటే గొడవల్లో ఎక్కువ సమయం గడిచేది రోడ్డు మీద కాదు, తలుపులు వేసుకుని.

మొదట కటకటపడేది నీళ్లకు. ఆ ప్రాంతంలో చాలా ఇళ్లలో వాడుకకు ట్యాంకరు నీళ్లు, తాగడానికి 20 లీటర్ల జారు. బంద్ అంటే జారు బండి రాదు. ఇద్దరికి తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు వేసుకోండి, రెండు జార్లు అయిదు రోజులు వస్తాయి. కాబట్టి ఎప్పుడూ రెండు నిండు జార్లు, మూత సీలు తీయనివి, గది మూలన ఉండాలి. వాడుతున్న మూడోది వేరే. ఖాళీ అయిన వెంటనే మార్చండి, 'రేపు చూద్దాం' అనకండి. జార్లు అయిపోతే ట్యాంకు నీళ్లు తెర్లేలా ఒక నిమిషం కాచి తాగొచ్చు.

తిండికి చిఉరా, అంటే మన అటుకులే, పొయ్యి లేకపోయినా తినొచ్చు. రెండు కిలోలు. పప్పు, బియ్యం ఎలాగూ ఇంట్లో ఉంటాయి, గ్యాసు మాత్రం అక్కడ మన దేశం నుంచే రావాలి కాబట్టి గొడవల్లో త్వరగా కరువవుతుంది. రోజూ వేసుకునే మందులు నెలకు సరిపడా, చీటీతో సహా. ఓఆర్‌ఎస్ పది ప్యాకెట్లు, ఒక్కో ప్యాకెట్టు లీటరు నీళ్లలో. తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే మంచి కన్నా చెడు ఎక్కువ. పెద్ద జబ్బు చేస్తే ధులిఖేల్ ఆసుపత్రి దగ్గరే ఉండడం మీ అదృష్టం. అంబులెన్సు 102, పోలీసు 100, టూరిస్టు పోలీసు 1144.

బాష్పవాయువు ఎదురుపడితే కళ్లు నలపకండి. గాలికి ఎదురుగా, కాస్త ఎత్తైన చోటికి నడవండి, అది నేల దగ్గరే పరుచుకుంటుంది. మామూలు నీళ్లతో పది పదిహేను నిమిషాలు కడగాలి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే ముందు అవి తీసేయాలి, వాటి కింద మందు చిక్కుకుంటుంది. అక్కడున్నన్ని రోజులూ కళ్లద్దాలే వాడడం మేలు.

బస ఎక్కడ అన్నది కూడా ఆరోగ్యం విషయమే. ధులిఖేల్ జిల్లా కేంద్రం, అక్కడ జిల్లా ఆఫీసులు, కోర్టు ఉన్నాయి. సెప్టెంబరులో తగలబెట్టింది ప్రభుత్వ భవనాలు, నాయకుల ఇళ్లు, పోలీసు చౌకీలు. సింహ దర్బారు, సుప్రీంకోర్టు, ఆఖరికి హిల్టన్ హోటలు కూడా కాలాయి. 'పెద్ద భవనంలో క్షేమం' అన్న లెక్క తప్పింది. ఏ ఆఫీసుకూ, పార్టీ కార్యాలయానికీ ఆనుకోని మామూలు ఇంట్లో గది తీసుకోండి.

గోదారిగట్టు

చాలా చాలా థాంక్సండీ. హెడ్మాస్టరుకు నిన్న రాశాను, ఏప్రిల్ ఆఖరు అయితే ఇంకా మంచిదన్నారు. డబ్బు ఎలా తీసుకెళ్లాలి? అక్కడ యూపీఐ నడుస్తుందని విన్నాను.

సంతకాల సుబ్బులు

నడుస్తుంది, ఫోన్‌పే (Fonepay) అనే నేపాలీ సంస్థ క్యూఆర్ ఉన్న దుకాణాల్లో 2024 మార్చి నుంచి. పేరు ఒకేలా వినిపించినా మన ఫోన్‌పే (PhonePe) వేరు. కానీ నెట్ లేని రోజు అది ఉత్త కాగితమే. కర్ఫ్యూలో ఏటీఎంలలో నోట్లు నింపరు. పాతికవేల నేపాలీ రూపాయలు నోట్లుగా రెండు చోట్ల దాచండి. మన 100 నేపాలీ 160, రేటు మారదు. మన డబ్బు కూడా కొంత 100 నోట్లలో ఉంచుకోండి, సరిహద్దు దాటేటప్పుడు అవే అక్కరకొస్తాయి. పవర్ బ్యాంకు 20,000 ఎంఏహెచ్‌ది చేతి సంచిలోనే పెట్టాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు.

ఫోన్లో వైబర్ వేసుకోండి. సెప్టెంబరు 4న 26 యాప్‌లను నిషేధించినప్పుడు వాట్సాప్, ఫేస్‌బుక్ పోయాయి. ప్రభుత్వం దగ్గర నమోదైన వైబర్, టిక్‌టాక్ మిగిలాయి. నేపాలీలు వైబర్ బాగా వాడతారు, బడి గ్రూపు కూడా దాంట్లోనే ఉండొచ్చు. ఇంట్లో వాళ్లకు కూడా ఇప్పుడే వేయించండి.

మినహాయింపుల పేజీ

ఇన్సూరెన్సు. పాలసీలో మొదటి పేజీ కాదు, 'మినహాయింపులు' అన్న భాగం చదవండి. చూడాల్సినవి మూడు. యుద్ధం, అంతర్యుద్ధంతో పాటు అల్లర్లు కూడా మినహాయించారా? వలంటీరు పని మినహాయింపులో ఉందా? చాలా పాలసీలు 'విహారయాత్ర' అని అమ్ముతారు, పని చేస్తూ గాయపడితే అది వేరే లెక్క అంటారు. కొనేనాటికి తెలిసిన గొడవ వల్ల కలిగిన నష్టం ఇస్తారా? ఈ మూడూ కంపెనీకి ఈమెయిల్లో అడిగి జవాబు రాతలో తీసుకోండి. ఫోన్లో ఏజెంటు 'అన్నీ కవరవుతాయండీ' అన్న మాటకు విలువ లేదు.

ఒకటి మాత్రం సాధారణంగా ఏ పాలసీ ఇవ్వదు: మీకు భయమేసి ముందే బయల్దేరితే అయిన ఖర్చు. జీపు, రైలు, రెండు రాత్రుల గది, చివరి నిమిషం విమానం, వీటికి సొంత డబ్బు పక్కన పెట్టండి. ఆ డబ్బు లేకే చాలామంది ఒక రోజు ఆలస్యంగా కదులుతారు.

పలకాబలపం

హోమ్ సంగతికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు, అందుకని మళ్లీ వచ్చాను. నా మాట: ఒప్పుకోకండి.

నేపాల్‌లో హోముల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో, చాలాసార్లు ఇద్దరూ బతికే ఉంటారు. 'పట్నంలో చదువు' అని ఆశపెట్టి కొండ ఊళ్ల నుంచి తెస్తారు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు ఇచ్చే డబ్బే కొన్ని హోములకు ఆదాయం, కాబట్టి పిల్లలు అక్కడే ఉండడం వాటికి లాభం. రెండు నెలలు చంకనెక్కించుకుని ఆడించి మీరు వెళ్లిపోతే ఆ పిల్ల మళ్లీ ఒకరిని పోగొట్టుకుంటుంది. బడిలో అలా కాదు, సాయంత్రానికి పిల్లలు తమ ఇంటికి వెళ్తారు.

సంస్థను ఇవి అడగండి: జిల్లా ప్రశాసన కార్యాలయంలో నమోదు, ఈ ఏడాది నవీకరణ కాగితం, సమాజ కల్యాణ పరిషత్ అనుబంధం, కిందటి ఏడాది ఆడిట్. మిమ్మల్ని వాళ్లు అడగాల్సింది కూడా ఒకటుంది, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా వస్తుంది. పిల్లల దగ్గరికి పంపుతూ ఆ కాగితం అడగని సంస్థ మీద నాకు నమ్మకం లేదు. వాళ్లు అడగకపోయినా మీరు తెచ్చి హెడ్మాస్టరు చేతికివ్వండి.

జనక్‌పుర్ పాసింజర్

ఒక ముఖ్యమైన విషయం అప్పుడు నా కంట పడలేదు, మీ చెల్లి అమెరికా పౌరురాలు అన్నారు. నేను చెప్పిన జనక్‌పుర్–జయనగర్ రైలు భారతీయులకూ నేపాలీలకూ మాత్రమే. మూడో దేశం పాస్‌పోర్ట్‌తో ఎక్కనివ్వరు. ఆమె రోడ్డు మీద వస్తే ఇమిగ్రేషన్ చెక్‌పోస్టు ఉన్న రక్సౌల్, సునౌలి లాంటి చోటనే దాటాలి, ఓసీఐ కార్డో చెల్లే భారత వీసానో చేతిలో ఉండాలి. నేపాల్ వైపు ఎగ్జిట్ ముద్ర కూడా తప్పనిసరి. అది వేయించుకోకుండా దాటితే మళ్లీ నేపాల్ వెళ్లడం కష్టం.

నేపాల్‌లో ఉండడానికి కూడా ఆమె లెక్క వేరు. దిగగానే ఇచ్చే టూరిస్టు వీసా 15 రోజులకు 30 డాలర్లు, 30కి 50, 90కి 125. కానీ ఆ వీసా మీద జీతం లేని పని కూడా చేయకూడదు. బడిలో పాఠం చెప్పడం పనే. సంస్థ ఆమెకు ఏ వీసా ఇప్పిస్తుందో రాతలో అడగండి, 'అందరూ టూరిస్టు మీదే వస్తారు' అంటే అది జవాబు కాదు. విదేశాలకు వెళ్లే అమెరికన్ల కోసం వాళ్ల విదేశాంగ శాఖ నడిపే స్టెప్ (STEP) కార్యక్రమంలో ఆమె పేరు నమోదు చేయించండి.

గొడవ వస్తే మీరిద్దరూ కలిసే కదలాలి కాబట్టి మీ దారి కూడా ఆమె దారే. బర్దీబాస్‌లో జనక్‌పుర్ వైపు తిరగకుండా తూర్పు–పశ్చిమ రాజమార్గం మీద పడమరగా పథ్‌లైయా దాకా వెళ్లి, అక్కడ దక్షిణానికి దిగితే బీర్‌గంజ్. శంకరాచార్య ద్వారం దాటితే రక్సౌల్. చెక్‌పోస్టు పనివేళలు ముందే తెలుసుకుని, పగటి వెలుతురులో అక్కడికి చేరేలా ధులిఖేల్‌లో తెల్లవారుజామునే జీపు ఎక్కండి.